పుస్తకాన్ని మోసినవాళ్ళకు దండం

సంపాదకుడు గారికి,

నమస్కారం. 2025 అక్టోబరు 29 రాత్రి మొంథా తుఫాను వానకు హనుమకొండలో మా ఇంటి కింది గదిలోకి నీళ్ళొచ్చాయి. ఆ గదిలో నా కథల పుస్తకాలు మూడు వందల దాకా కట్టలు కట్టి ఉన్నాయి. పక్కింటి పిల్లలిద్దరు, ఇంటర్ చదివేవాళ్ళు, మోకాలి లోతు నీళ్ళలో దిగి కట్టలన్నీ మేడమీదికి మోశారు. "టీచరమ్మా, ఇవి తడిస్తే మళ్ళ దొరుకతయా?" అని అడిగాడు చిన్నోడు. దొరకవు బిడ్డా అన్నాను. అడుగు వరసలోవి నలభై తడిసి ఉబ్బిపోయాయి, మిగతావి దక్కాయి. ఈ ఏడాది పోతూ పోతూ ఎవరికైనా దండం పెట్టాలంటే ముందు ఆ పిల్లలకే. నా కథల్లో ఒక్కటి కూడా వాళ్ళు చదవలేదని నాకు తెలుసు, అయినా సరే.

ఈ రోజుల్లో తెలుగులో కథల పుస్తకం 500 కాపీలు వేస్తే గొప్ప. నేనూ రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో కొంత తీసి అన్నే వేశాను. రాయడానికి పడ్డ కష్టం కంటే, రాసింది చదివేవాళ్ళ చేతికి చేర్చడానికి పడ్డ కష్టమే ఎక్కువ. 2024 డిసెంబరు 18న తపాలా శాఖ, పుస్తకాలను చవకగా పంపే రిజిస్టర్డ్ బుక్ పోస్ట్‌ను ఆపేసింది. అందులో 5 కిలోల కట్ట 80 రూపాయలకు పోయేది. అదే కట్ట రిజిస్టర్డ్ పార్సిల్‌గా పంపాలంటే 229 అయింది. నా పుస్తకం సరిగ్గా ఆ గండంలోనే, ఫిబ్రవరిలో అచ్చయి వచ్చింది. కొరియర్‌కు పోయి అడిగితే ఒక్క కాపీకి పుస్తకం ధరలో సగం చెప్పారు. మూడు నెలలు అట్టపెట్టెలు విప్పకుండా పెట్టుకున్నాను.

పుస్తకాలు వేసేవాళ్ళు దేశమంతా మొత్తుకున్నారు. 2025 మే 1 నుంచి పుస్తకాలకు తక్కువ ధర తీసుకునే జ్ఞాన్ పోస్ట్ అనే తపాలా సేవ వచ్చింది. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోలకు 100, పన్ను అదనం. నా పుస్తకం 210 గ్రాములు. మే నెల ఎండలో సంచి భుజాన వేసుకుని పోస్టాఫీసుకు ఎన్నిసార్లు తిరిగానో! ఆ కట్టల్ని ఊళ్ళకు మోసిన పోస్ట్‌మన్‌లకు ఈ లేఖ ద్వారా కృతజ్ఞతలు చెప్పుకుంటున్నాను.

అట్లా పోయిన కాపీల్లో ఒకటి కోరుట్ల వైపు ఒక గ్రంథాలయానికి చేరింది. ఆగస్టులో ఒకామె ఫోన్ చేసింది. బీడీలు చుడతానని చెప్పింది. పుస్తకం కొనలేదట. కూతురు డిగ్రీ పరీక్షలకు చదువుకోవడానికి గ్రంథాలయానికి పోయి, పైన పెట్టిన దీన్ని ఇంటికి తెచ్చిందట. సాయంత్రం తల్లి చాట ముందేసుకుని తునికాకు కత్తిరిస్తుంటే, బిడ్డ రోజుకొక కథ చదివి వినిపించిందట. "అమ్మా, నాలుగో కథల అత్త మా అత్త లెక్కనే ఉన్నది, ఆమెను జర మంచిగ రాస్తే బాగుండు" అంది. విమర్శకులెవరూ ఆ మాట అనలేదు. ఆ అత్త మీద నేను కక్షతోనే రాశానని నాకిప్పుడు అనిపిస్తోంది. నాకు వచ్చిన సమీక్షలు రెండు, రెండూ మిత్రులు రాసినవే. ఆమె ఫోన్ మూడోది.

ఇక కొత్త ఏడాదికి కోరికలు. జ్ఞాన్ పోస్ట్ నిబంధనల్లో వాణిజ్య ప్రచురణలకు వర్తించదని ఉంది. కథల పుస్తకం వాణిజ్యమా, సాహిత్యమా అని కౌంటర్‌లో కూర్చున్నవాళ్ళకు అనుమానం రాకుండా శాఖ ఒక ముక్క స్పష్టంగా రాస్తే చాలు. సెప్టెంబరు 22 నుంచి కాగితం మీద జీఎస్టీ 12 నుంచి 18 శాతానికి పోయింది. పుస్తకం మీద పన్ను లేదు కాబట్టి కాగితానికి కట్టిన పన్ను వెనక్కి కూడా రాదు. దీని గురించి పెద్ద ప్రచురణకర్తలు మాట్లాడతారు, నాకంటే లెక్కలు వాళ్ళకే బాగా తెలుసు.

నేను గట్టిగా అడిగేది గ్రంథాలయాల గురించే. 1960 నాటి చట్టం ప్రకారం మనం కట్టే ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. మున్సిపాలిటీలు, పంచాయతీలు దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు అప్పజెప్పాలి. ఆ డబ్బు సకాలంలో చేరదన్న మాట నేను ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ వింటున్నాను. అందుకే ఎక్కడి గ్రంథాలయానికి పోయినా గ్రూప్స్‌కు, కానిస్టేబుల్ పరీక్షలకు చదివే పిల్లలు ఇంటి నుంచి తెచ్చుకున్న పుస్తకాలే బల్లల మీద కనిపిస్తాయి. వాళ్ళు చదువుకోవాలి, కాదనను. కానీ అలమారలో ఈ పదేళ్ళలో వచ్చిన కథలు, కవిత్వం ఎన్ని ఉన్నాయో చూడండి. ఉర్దూ రాజభాషగా ఉన్న నిజాం కాలంలో, 1904లోనే హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం పెట్టుకున్నారు. 1918లో మట్టెవాడలో శబ్దానుశాసన ఆంధ్ర భాషా నిలయం వచ్చింది. అప్పుడు గ్రంథాలయ పన్నూ లేదు, చట్టమూ లేదు.

ఈ 2025 డిసెంబరులో మూడు విడతల పంచాయతీ ఎన్నికలు అయ్యాయి, ఊరూరా కొత్త సర్పంచులు వచ్చారు. 2026 జనవరి 28 నుంచి మేడారం జాతర, ఆ హడావుడిలో ఈ సంగతి ఎవరికి పడుతుందో తెలియదు. అయినా ఆ సర్పంచులను అడుగుతున్నాను. జాతర అయ్యాక పాలకవర్గం కూర్చున్నప్పుడు, గ్రంథాలయ పన్ను కింద ఎంత వసూలైంది, ఎంత పంపారు అని కార్యదర్శిని ఒక్కసారి అడగండి. పంచాయతీ ఆఫీసులోనో బడిలోనో ఒక అలమార పెట్టినవాళ్ళు మీ పత్రికకు ఒక కార్డు రాస్తే, ఆ ఊరికి నా పుస్తకం ఒక కాపీ పంపుతాను. తపాలా ఖర్చు నాదే. తడిసినవి పంపను, మేడమీదికెక్కిన వాటిలోంచే పంపుతాను.

ఇట్లు,
ఒక కథా రచయిత్రి, విశ్రాంత ఉపాధ్యాయిని
హనుమకొండ