మాగాణి వేరు, చిత్తడి నేల వేరు

సంపాదకులకు నమస్కారం.

ఫిబ్రవరి 2న ప్రపంచ చిత్తడి నేలల దినం సందర్భంగా మీరు ప్రచురించిన కథనాన్ని శ్రద్ధగా చదివాను. ఈ విషయానికి అంత చోటు ఇచ్చినందుకు కృతజ్ఞతలు. అయితే అందులో చిత్తడి నేల, మాగాణి, తడి భూమి అనే మూడు మాటలనూ ఒకే అర్థంలో వాడారు. ముప్పై ఏళ్లు భూగోళ శాస్త్రం బోధించినవాడిగా, శ్రీకాకుళం జిల్లావాసిగా ఈ పొరపాటును చూసీ చూడనట్టు వదిలేయలేక ఈ లేఖ రాస్తున్నాను.

మాగాణి రెవెన్యూ లెక్కల మాట. నీటి వసతి ఉండి వరి పండే భూమిని ఆంధ్ర ప్రాంతంలో మాగాణి అని, తెలంగాణలో తరి అని అంటారు. వర్షాధారమైనది మెట్ట, అక్కడైతే ఖుష్కి. శిస్తు నిర్ణయించడానికి పుట్టిన ఈ విభజనకు ఆ నేలలో ఏ పక్షి గూడు కడుతుంది, ఏ చేప గుడ్లు పెడుతుంది, వరద ఎన్నాళ్లు నిలుస్తుంది అన్న వాటితో సంబంధం లేదు. చిత్తడి నేల అన్న మాట ఆ సంబంధాల గురించే చెబుతుంది. 1971లో ఇరాన్‌లోని రామ్‌సర్ పట్టణంలో కుదిరిన ఒప్పందం ప్రకారం సహజమైనదైనా మనిషి చేసినదైనా, ఏడాది పొడవునా ఉండేదైనా కొన్ని నెలలే ఉండేదైనా, మంచినీటిదైనా ఉప్పునీటిదైనా, సముద్రం వెనక్కి తగ్గిన వేళ (పాటు) ఆరు మీటర్లకు మించి లోతు లేని సముద్ర భాగం సహా నీరు నిలిచే, పారే తావులన్నీ దీని కిందికి వస్తాయి. ఆ లెక్కన వరి పొలమూ చిత్తడి నేలే. కానీ మన దేశంలో 2017లో వచ్చిన చిత్తడి నేలల నిబంధనలు వరి పొలాలను, నదీ ప్రవాహ మార్గాలను, సాగునీటి కోసం ప్రత్యేకంగా కట్టిన చెరువులను మినహాయించాయి. అంటే ఒకే పొలం ఒప్పందం ప్రకారం చిత్తడి నేల, మన నిబంధనల ప్రకారం కాదు. ఏ అర్థంలో రాస్తున్నారో చెప్పకపోతే, తన ఊరి చెరువుకు రక్షణ ఉందో లేదో పాఠకుడికి తెలిసేదెలా?

నా మనసులో ఇంతకన్నా బరువైన సంగతి మరొకటి ఉంది. మా జిల్లాలో ఈ నేలలకు ఎప్పటి నుంచో సొంత పేర్లున్నాయి. సోంపేట ప్రాంతంలో పల్లపు నీటి నేలను బీల అంటారు. సంతబొమ్మాళి, నౌపడ వైపు అదే తంపర. మా జిల్లా దాటితే, అనకాపల్లి దగ్గరి కొండకర్ల సరస్సును కొండకర్ల ఆవ అనే పిలుస్తారు, రాజమహేంద్రవరం చుట్టుపక్కల నీరు నిలిచే పల్లపు పొలాలు ఆవ భూములు. బీలలో చేపలు పడతారు, పశువులను మేపుతారు, చుట్టూ ఉన్న పొలాలకు నీరు తీసుకుంటారు. సోంపేట బీలలో థర్మల్ విద్యుత్ కేంద్రం ప్రతిపాదన వచ్చినప్పుడు ఆ నేలను కాగితాల మీద నిరుపయోగమైన బంజరుగా చూపించారు. బీల అన్న మాట ఆ కాగితాల్లో ఉండి ఉంటే దానిని నిరుపయోగమని రాయడం అంత తేలికయ్యేది కాదని నా నమ్మకం. 2010 జూలై 14న అక్కడ జరిగిన పోలీసు కాల్పుల్లో మనుషుల ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టుకిచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. మరుసటి ఏడాది ఫిబ్రవరి 28న కాకరాపల్లి తంపరలో తలపెట్టిన మరో థర్మల్ కేంద్రం విషయంలోనూ కాల్పులు జరిగాయి. తేలినీలాపురానికి ఏటా వచ్చే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు మేతకు ఆధారపడేది ఈ తంపర నీళ్ల మీదే.

కొల్లేరు సంగతిలోనూ మాట జాగ్రత్త అవసరం. 1999లో అభయారణ్యంగా ప్రకటించినది ఐదో కాంటూరు వరకు, అంటే సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు వరకు ఉన్న 308 చదరపు కిలోమీటర్లు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల జాబితాలో చేరినది 90,100 హెక్టార్లు, అంటే 901 చదరపు కిలోమీటర్లు. కొల్లేరులో ఆక్రమణలు అని వార్త రాసినప్పుడు ఈ రెండింటిలో ఏ కొల్లేరో చెప్పకపోతే, అక్కడ చేపల చెరువున్న రైతుకూ స్పష్టత ఉండదు, అధికారికీ ఉండదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చే వరదను నిలిపి ఉప్పుటేరు గుండా నెమ్మదిగా సముద్రానికి వదిలే పల్లం అది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచాక ఈ పల్లాల అవసరం చాలామందికి తెలిసివచ్చింది.

చిత్తడి నేల అన్న మాట వద్దని నేను అనడం లేదు. ప్రభుత్వ పత్రాల్లో స్థిరపడింది కనుక అది ఉండాల్సిందే. అయితే చిత్తడి అనగానే మనకు గుర్తుకొచ్చేది వాన వెలిశాక కాళ్లకు అంటుకునే బురద. ఆ ఒక్క మాటతో పులికాట్ ఉప్పునీటి విస్తీర్ణం గాని, కోరంగి మడ అడవి గాని కళ్లకు కట్టవు. అందువల్ల ఇలాంటి నేల గురించి రాసేటప్పుడు బీల, తంపర, ఆవ, మడ అంటూ స్థానికులు పిలిచే పేరు ముందు రాసి, పక్కనే రెవెన్యూ రికార్డుల్లో దాని వర్గీకరణ ఏమిటో, 2017 నిబంధనలు దానికి వర్తిస్తాయో లేదో ఒక్క వాక్యంలో చెప్పవలసిందిగా మీ విలేకరులకు సూచించండి. బంజరు, వృథా నేల అన్న మాటలు అధికారుల ప్రకటనలో ఉంటే, అవి వారి మాటలని తెలిసేలా రాయించండి.

ఇట్లు
విశ్రాంత భూగోళ శాస్త్ర ఉపాధ్యాయుడు,
శ్రీకాకుళం జిల్లా