పూరకం అంటే సరిపోయేదానికి కాంప్లిమెంటరీ ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

మా మనవడికి తొమ్మిదో నెల మీజిల్స్-రుబెల్లా టీకా వేయించడానికి ఈమధ్య దగ్గర్లోని ఆరోగ్య కేంద్రానికి వెళ్లాం. గోడ మీద పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ‘ఆరు నెలలు నిండగానే కాంప్లిమెంటరీ ఫీడింగ్ ప్రారంభించండి’ అని ఉంది. తల్లిపాలకు తోడుగా ఇతర ఆహారం కూడా పెట్టమని దాని అర్థం. పైన ఇంగ్లిష్‌లోనూ అదే మాట, కాకపోతే మధ్యలో ‘ఈ’ ఉండాల్సిన చోట ‘ఐ’ పడింది. నా పక్కన ఎనిమిది నెలల పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న అమ్మాయి అది చదివి, “కాంప్లిమెంటరీ అంటే ఫ్రీ కదా ఆంటీ, బాలామృతం ప్యాకెట్ గురించేనా?” అని అడిగింది. ఆ పోషకాహార పొడి ప్యాకెట్ తెచ్చుకుని రోజూ కలిపి పెడుతోందట. ఇంట్లో వండిన పప్పన్నం మాత్రం ఇంకా మొదలుపెట్టలేదు.

తప్పు ఆ అమ్మాయిది కాదు. హోటల్లో కాంప్లిమెంటరీ టిఫిన్ అంటే ఉచితమే. అంగన్‌వాడీలో ఏడో నెల నుంచి ఇచ్చే బాలామృతమూ ఉచితమే.

ఇంగ్లిష్‌లో ఇవి రెండు వేర్వేరు మాటలు. ‘ఐ’తో రాసేది ప్రశంస, లేదా మర్యాదగా ఊరికే ఇచ్చేది. శుభలేఖ అడుగున ‘విత్ బెస్ట్ కాంప్లిమెంట్స్ ఫ్రమ్’ అని వేయించేది ఇదే. ‘ఈ’తో రాసేది లోటు పూడ్చి నిండు చేసేది. నింపడం అనే అర్థమున్న ఒకే లాటిన్ క్రియ నుంచి రెండూ పుట్టాయి కాబట్టి ఇంగ్లిష్ వాళ్లే తడబడతారు. వాళ్లకు కనీసం ఒక అక్షరం తేడా కనిపిస్తుంది. మన లిపిలోకి వచ్చేసరికి ఆ తేడా కూడా పోయి రెండూ ఒకేలా తయారవుతున్నాయి.

నేను చాలా ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. బోర్డు మీద 35 డిగ్రీల కోణం గీసి, “90 కావాలంటే ఎంత పూరించాలి?” అంటే వెనక బెంచీ నుంచి కూడా 55 అని జవాబొచ్చేది. పూరక కోణం అన్న పేరులోనే లెక్క ఉంది. మొత్తంలో ఒక సమితికి చెందని మిగతావన్నీ ఉండే పూరక సమితి కూడా అంతే. సమస్యాపూరణం విన్నవాళ్లకు, బూరెల్లో పూర్ణం తిన్నవాళ్లకు ఆ మాట కొత్త కాదు. ఇప్పుడు పిల్లలు కాంప్లిమెంటరీ, సప్లిమెంటరీ కోణాలని బట్టీ పడుతున్నారు. సప్లిమెంటరీ అనగానే వాళ్లకు తప్పిన పరీక్ష గుర్తొస్తుంది కానీ రెండు కోణాలు కలిపితే 180 డిగ్రీలు కావాలన్నది గుర్తుకు రాదు.

ఇంగ్లిష్ మీడియం వద్దని నేను అనడం లేదు. తెలుగు లిపిలో రాసేటప్పుడు తెలుగు మాటే రాయమంటున్నాను. మీ విద్యా పేజీలో పూరక కోణాలు, సంపూరక కోణాలు అని వేసి, పిల్లలకు పరీక్షలో కావాలి కాబట్టి పక్కన ఇంగ్లిష్ పేరు కూడా ఇవ్వండి.

ఆసుపత్రి గోడ మీద అయితే ఇది పసిపిల్లల తిండి విషయం. ఆరు నెలలు దాటాక తల్లిపాలు కొనసాగాలి, కానీ అవొక్కటే చాలవు. ముఖ్యంగా వాటిలోని ఇనుము ఆ వయసు బిడ్డకు సరిపోదు. ఆరో నెల అన్నప్రాశన చేసుకునే ఇళ్లలో ఇది చెబితే ఎవరికైనా అర్థమవుతుంది. “పాలు చాలని చోట అన్నంతో నింపాలి తల్లీ, ప్యాకెట్ ఒక్కటే కాదు” అని నేను అంటే, “అయితే ఇవాళ్టి నుంచే పెడతాను” అంది ఆ అమ్మాయి.

ఆరోగ్య శాఖ అధికారులు ఈ లేఖ చూస్తే, ఈసారి ఫ్లెక్సీ మీద ఇలా రాయించమని కోరుతున్నాను: ‘ఆరు నెలలు నిండాక తల్లిపాలతో పాటు మెత్తగా మెదిపిన అన్నం, పప్పు, కూర కూడా పెట్టండి.’

ఇట్లు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయురాలు, నల్గొండ జిల్లా