మన సంఘం వార్షిక నివేదిక: ఇంగ్లండ్‌లోని స్కిప్టన్‌లో ఈ ఏడాది

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం ఎక్కువగా పనిచేసింది మన దగ్గరికి వచ్చి కొన్ని నెలలు ఉండి వెళ్లే అమ్మానాన్నల కోసం. మనం డ్యూటీలకు, పిల్లలు బడికి వెళ్లిపోతే వాళ్లు పగలంతా కిటికీ దగ్గరే కూర్చుంటున్నారని పోయిన సర్వసభ్య సమావేశంలో చాలామంది బాధపడ్డారు. అందుకే నెలకో బుధవారం వాళ్లను హైస్ట్రీట్‌లో జరిగే సంతకు తీసుకెళ్లాం. 1204లో ఇంగ్లండ్ రాజు జాన్ అనుమతి ఇచ్చిన సంత అది. స్కిప్టన్ అంటేనే గొర్రెల ఊరని చెప్పగానే పల్నాడు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ముఖం వెలిగిపోయింది. ఆ తర్వాత ప్రతిసారీ అందరికన్నా ముందు ఆయనే తయారు.

కోటకు వెళ్లిన రోజు మాత్రం ఎవరూ మరచిపోరు. రాజుకూ పార్లమెంటుకూ మధ్య జరిగిన ఇంగ్లండ్ అంతర్యుద్ధంలో మూడేళ్లు ముట్టడిని తట్టుకున్న ఆ కోట 1645 డిసెంబరులో లొంగిపోయింది. తర్వాత పార్లమెంటు పక్షం దాన్ని చాలావరకు పడగొట్టించింది. మళ్లీ నిలబెట్టింది ఆ కోట యజమాని కూతురు లేడీ ఆన్ క్లిఫర్డ్. 1605లో తండ్రి పోతూ ఆస్తిని కూతురికి కాకుండా తన తమ్ముడికి రాశాడు. ఆమె రాజు చెప్పినా రాజీపడలేదు. చివరికి 1643లో గానీ ఆస్తి చేతికి రాలేదు. ఇది విన్న మన అమ్మమ్మలు అక్కడే బెంచీ మీద కూర్చుని, ఎన్టీఆర్ హయాంలో ఆడపిల్లలకు వాటా ఇస్తూ వచ్చిన చట్టం గురించి, తమకు అందనివాటి గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. 1659లో ఆన్ నాటిందని చెప్పే యూ చెట్టు లోపలి వాకిట్లో ఇప్పటికీ ఉంది. అందరం దాని కిందే ఫొటో దిగాం.

సేవల విషయానికొస్తే, 2023 ఏప్రిల్ 1న క్రేవెన్ డిస్ట్రిక్ట్ కౌన్సిల్ రద్దయి దాని పనులన్నీ నార్త్ యార్క్‌షైర్ కౌన్సిల్‌కు వెళ్లాయి. చెత్త డబ్బాలు, కౌన్సిల్ ట్యాక్స్, లైబ్రరీ అన్నిటికీ ఇప్పుడు ఒకటే కౌన్సిల్. ఇది తెలియక కొత్త కుటుంబాలు టెన్షన్ పడుతుంటే తెలుగులో ఒక పేజీ వివరాలు రాసి పంచాం. లైబ్రరీ కార్డు ఉచితం, దయచేసి అందరూ తీసుకోండి. టౌన్‌హాల్‌లోని క్రేవెన్ మ్యూజియం కూడా ఉచితమే. షేక్‌స్పియర్ నాటకాల 1623 నాటి తొలి సంపుటి అక్కడ కళ్లారా చూడొచ్చు.

పిల్లల తెలుగు క్లాసు మాత్రం హాలు దొరకక మధ్యలో ఆగిపోయింది. ఆ తప్పు కార్యవర్గానిదే, ముందే బుక్ చేసుకోవాల్సింది. వచ్చే ఏడాది మొదటి పని అదే.

బుధవారాలు కారు నడపగలిగినవాళ్లు ఇంకో ఇద్దరు కావాలి. నడవలేని పెద్దవాళ్లు ఇంకా ఇళ్లలోనే ఉండిపోతున్నారు. వీలున్నవాళ్లు ఈ వారంలోనే కార్యదర్శికి చెప్పండి.