జూలో చిత్రకారులకు చోటివ్వండి

సంపాదకులకు,

విశాఖ, తిరుపతి జూలలో చిత్రకారులు, కొండపల్లి బొమ్మల కళాకారులు పదేసి రోజులుండి పనిచేస్తే, వారి చిత్రాలు, బొమ్మలు అమ్మగా వచ్చిన సొమ్ములో కొంత వాటా కృష్ణా మడ అడవుల్లోని నీటిపిల్లి (చేపలు పట్టి తినే అడవిపిల్లి, ఫిషింగ్ క్యాట్) సంరక్షణకు పంపవచ్చు. గీసేందుకు ఉదయం, సాయంత్రాలే అనువు. మధ్యాహ్నం వెళ్తే నిద్రపోయే పులే దొరుకుతుంది! ఎన్‌క్లోజర్ దగ్గర పెన్సిలు, నీటిరంగులు చాలు. నూనెరంగులు పలచన చేసే టర్పెంటైన్ వద్దే వద్దు, ఆ ఘాటు జంతువులకు పడదు. కొండపల్లి బొమ్మలు చేసే తెల్లపొణికి చెక్క సరిగా ఆరకపోతే బొమ్మ పగులుతుంది కాబట్టి జూలో నమూనాలు గీసుకుని, చెక్కే పని కొండపల్లిలోనే చేయాలి.

అసలు పేచీ డబ్బు దగ్గర. సంరక్షణ వాటా అమ్మిన ధరలోనా, ఫ్రేము, రవాణా ఖర్చులు పోగా మిగిలినదాంట్లోనా అన్నది ముందే కాగితం మీద రాసుకోవాలి. ఆ సొమ్ముకు వేరే బ్యాంకు ఖాతా తెరవాలి. ఆ చిత్రాలు, బొమ్మల ప్రదర్శన మాత్రం విజయవాడలోనే పెట్టండి.

— కళాభిమానులు, విజయవాడ