బాపు అంటే సినిమాలేనా?

సంపాదకులకు నమస్కారం.

ఏటా డిసెంబర్ 15న, బాపు గారి పుట్టినరోజు వచ్చేసరికి, ఆయన మీద పత్రికల్లో వ్యాసాలు వస్తాయి, సంతోషమే. కానీ ఏది చూసినా 1967 నాటి 'సాక్షి' సినిమాతో మొదలై, వాలుజడ హీరోయిన్ల దగ్గర ఆగిపోతుంది. సినిమాల్లోకి రాకముందు ఏళ్ళ తరబడి, వచ్చాక కూడా, ఆయన పత్రికలకు వేసిన కార్టూన్లూ కథల బొమ్మలూ "చిత్రకారుడు కూడా" అన్న ఒక్క ముక్కలో తేలిపోతాయి. ఇదేం లెక్కండీ?

1933లో నరసాపురంలో పుట్టి, మద్రాసులో చదివి, 1955లో లా పట్టా పుచ్చుకున్న మనిషి నల్లకోటు జోలికి పోకుండా ఆంధ్రపత్రికలో బొమ్మలు వేశారు. ముళ్ళపూడి వెంకటరమణ గారి బుడుగు వచ్చిందీ ఆ పత్రిక వీక్లీలోనే. బుడుగు ఎలా ఉంటాడంటే ఇవాళ్టికీ అందరి కళ్ళకూ కనిపించేది బాపు గీసిన ఆ పిల్లాడే కదా.

జోకు కార్టూన్ల సంగతి చెప్పాలి. వాటిలో చాలావాటికి వెనక గోడ ఉండదు, కింద నేల ఉండదు. ఓ పడక్కుర్చీ, పేపరు చాటున మొగుడు, నడుం మీద చెయ్యేసుకున్న పెళ్ళాం, అంతే, ఇల్లంతా మనమే ఊహించుకుంటాం. కింద మాట కూడా ఆయన చేత్తోనే, గోదావరి జిల్లా యాసలో, కాస్త వంకరగా, ఎక్కడ సాగదీసి చదవాలో అక్షరమే చెప్పేటట్టు ఉంటుంది. ఆ దస్తూరీ తర్వాత కంప్యూటర్ ఫాంటయింది, పెళ్ళి శుభలేఖలన్నీ అందులోనే. అది ఎవరి రాతో వేయించుకునేవాళ్ళలో ఎంతమందికి తెలుసో మరి! అన్ని జోకులూ గొప్పవని అనను. పెళ్ళాల మీద వేసినవాటిలో కొన్నింటికి ఈకాలం ఆడపిల్లలు మొహం చిట్లిస్తారు, న్యాయమే. కానీ మాటల్లో ఓడిపోయేది ఎక్కువసార్లు ఆ మొగుడే, అదీ గమనించాలి.

ఇప్పుడు ఆ కార్టూన్లు వాట్సాప్‌లో తిరుగుతున్నాయి, సంతకం కత్తిరించి, మధ్యలో ఎవడి గ్రూపు పేరో అతికించి. చూస్తే ఒళ్ళు మండుతుంది. మీ ఆదివారం అనుబంధంలో వారానికొకటి, కుటుంబం అనుమతితో, ఏ పత్రికలో ఏ సంవత్సరం వచ్చిందో కింద రాసి వేయండి. రంగులు పూయొద్దు, ఆయన రాతను తీసేసి మళ్ళీ టైపు చేయించొద్దు, నవ్వు సగం అందులోనే ఉంది.

ఇంకొకటి, ఇది బాపు గారి గురించి కాదు. మీరు వేసే కథల పక్కన రచయిత పేరు, ఫోన్ నంబరు, ఒక్కోసారి ఫొటో కూడా ఉంటాయి. బొమ్మ వేసినవారి పేరు మాత్రం చాలాసార్లు కనిపించదు. పోయిన ఆదివారం కథకు వేసిన బొమ్మ బావుంది, ఎవరు వేశారో దయచేసి చెప్పగలరా?

ఇట్లు,
మీ పాఠకుడు, రాజమండ్రి