కోవిడ్ మార్చిన అలవాట్లు: అబ్బాయిలకు ఒకలా, అమ్మాయిలకు ఒకలా

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

కోవిడ్ వల్ల యువత ఆరోగ్యపు అలవాట్లు మారాయని అందరూ అంటున్నారు గానీ, ఆ మార్పు అబ్బాయిలలో ఒక విధంగా, అమ్మాయిలలో మరో విధంగా వచ్చిందన్న సంగతిని మన కళాశాలలు పట్టించుకున్నట్లు కనిపించదు. తిరుపతిలో డిగ్రీ విద్యార్థులకు పాఠాలు చెప్పే అధ్యాపకురాలిగా ఈ విషయాన్ని మీ పాఠకుల దృష్టికి తేవాలనుకుంటున్నాను.

2020 మార్చిలో లాక్‌డౌన్ రాగానే హాస్టళ్లు ఖాళీ అయి, పిల్లలు పుత్తూరు, పలమనేరు, శ్రీకాళహస్తి చుట్టుపక్కల ఊళ్లకు చేరారు. అబ్బాయిలకు తీరిక దొరికింది. కొందరు మిద్దె మీద కసరత్తు మొదలుపెట్టి నేటికీ మానలేదు. మరికొందరికి అర్ధరాత్రి దాటేదాకా ఫోను చూసి, ఉదయం టిఫిన్ మానేసే అలవాటు అప్పుడే అంటుకుంది. అమ్మాయిల సంగతి వేరు. ఇంటిల్లిపాదీ ఇంట్లోనే ఉండటంతో వంట, అంట్లు, పెద్దవాళ్ల మందులు చూసే బాధ్యత వారి మీద పడింది. ఫోనులో పాఠం వింటూనే కూరగాయలు తరిగేవాళ్లమని నా విద్యార్థినులు చెప్పారు. చేతులు కడుక్కోవడం, మాస్కు పెట్టుకోవడం వంటి జాగ్రత్తలను వారే శ్రద్ధగా పాటించారు, ఇంట్లో వారితోనూ పాటింపజేశారు. తమ ఒంటి కోసం నడవడానికి మాత్రం వారికి సమయం మిగలలేదు.

ఇది కోవిడ్‌తో పుట్టిన తేడా కాదు. 2019లో కేంద్రం జరిపిన కాల వినియోగ సర్వేలోనే ఇంటిపని చేసే మహిళలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నట్లు తేలింది. మహమ్మారి ఆ బరువును పెంచింది. పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుండగా, 2022 నాటికి మన దేశంలో 57 శాతం మహిళలు, 42 శాతం పురుషులు ఆ మేరకు కదలడం లేదని అంచనా. దీనికి తోడు, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తం తక్కువై నాలుగడుగులు వేస్తేనే ఆయాసపడే పిల్లకు వ్యాయామం గురించి ఉపన్యాసం చెప్పి ఏం లాభం?

అబ్బాయిల కష్టం బయటికి కనిపించదు. దిగులును మగపిల్లలు నోరు విప్పి చెప్పరు. మానసిక ఇబ్బందులకు ఫోనులో సలహా ఇచ్చేందుకు 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ సేవ టెలీ మానస్ ఉచిత నంబరు 14416 గురించి నా తరగతిలో విన్నవారు చాలా తక్కువ.

స్విమ్స్, రుయా వంటి పెద్దాసుపత్రులు, మహిళా విశ్వవిద్యాలయం ఉన్న ఈ ఊరిలో ఏటా చేరిక సమయంలోనే ప్రతి డిగ్రీ విద్యార్థినికీ హిమోగ్లోబిన్ పరీక్ష చేయించడం అసాధ్యం కాదు. సాయంత్రం ఒక గంట కళాశాల మైదానాన్ని దీపాల వెలుగుతో అమ్మాయిలకు కేటాయించాలి, 14416ను ప్రతి హాస్టల్ గోడ మీద రాయించాలి. తల్లిదండ్రులు ఇంటిపనిలో కొడుకులకూ వాటా ఇవ్వాలి. అది లేకుండా కూతురికి మైదానానికి వచ్చే గంట దొరకదు.

ఇట్లు,
ఒక డిగ్రీ అధ్యాపకురాలు,
తిరుపతి