హాజీ అలీ దారి దగ్గర సముద్రపు పోటు టైం బోర్డు పెట్టించండి సార్

ముంబయి మున్సిపల్ కమిషనర్ గారికి నమస్కారం,

నేను వర్లీలో పుట్టి పెరిగిన తెలుగువాణ్ణి సార్, మా తాత బట్టల మిల్లులో పనికని కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఊరి నుంచి చుట్టాలు ఎవరొచ్చినా సిద్ధివినాయక్, మహాలక్ష్మి గుడి, సముద్రంలో ఉన్న హాజీ అలీ దర్గా చూపించకుండా ట్రైన్ ఎక్కించం.

మొన్న మా పెద్దమ్మ సిరిసిల్ల నుంచి వచ్చింది, 70 దాటాయి, మోకాళ్ల నొప్పులు. మనవడికి జ్వరం తగ్గితే హాజీ అలీ బాబా సమాధికి చాదర్ కప్పిస్తానని మొక్కుకుందంట. 2014లో వచ్చినప్పుడు ఆడవాళ్లని సమాధి దాకా పోనివ్వలేదు, 2016లో హైకోర్టు తీర్పు వచ్చింది కాబట్టి ఈసారి మగవాళ్లు ఎక్కడిదాకా పోతారో అక్కడిదాకా పోయి, తలమీద కొంగు కప్పుకుని చాలాసేపు నిలబడింది. నూనె ఒలికిపోయిందని ఏడుస్తున్న ఒకామె కోసం బాబా నేలలో వేలు గుచ్చితే నూనె పొంగిందని చెప్తారు కదా, ఆ కథ చెప్తే కళ్లు తుడుచుకుంది.

వచ్చేటప్పుడే ఇబ్బంది అయింది. ఒడ్డు నుంచి దర్గాకి పోయే దారి సముద్రంలో దాదాపు అర కిలోమీటరు, మేము సగంలో ఉండగా పోటు వస్తోందని విజిల్ వేశారు, జనం ఉరుకుడు మొదలుపెట్టారు, పెద్దమ్మ ఎక్కడ ఉరుకుతుంది చెప్పండి, ఒక అల వచ్చి దారి మీద పరుచుకుని ఆమె ఎడమకాలి చెప్పు లాక్కుపోయింది. బురఖా వేసుకున్న ఒక అమ్మాయి, ఎవరో ఏంటో తెలీదు, వెనక్కి వచ్చి ఇంకో చెయ్యి పట్టుకుని ఒడ్డు దాకా నడిపించింది. ఆ అమ్మాయి చల్లగా ఉండాలి.

సార్, 1431 నాటిదని చెప్పే దర్గా అది, అప్పటినుంచీ పోటుకి దారి మునుగుతూనే ఉంది, అది ఎవరి తప్పూ కాదు. కానీ పోటు చెప్పకుండా వచ్చేది కాదు కదా. రోజుకి రెండుసార్లు, ముందురోజు కన్నా ఇంచుమించు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది, అమావాస్య పౌర్ణమికి ఇంకా ఎక్కువ, ఆ లెక్కలు చాలా ముందే వేసి పెడతారు. సముద్రం పక్కన బతికే మాకే రోజూ ఆ టైంలు గుర్తుండవు, సిరిసిల్ల నుంచి వచ్చినవాళ్లకి ఎట్లా తెలుస్తాయి?

మహాలక్ష్మి స్టేషన్ బయట ఒకటి, దారి మొదట్లో ఒకటి, ఈరోజు దారి ఎన్నింటికి మునుగుతుంది ఎన్నింటికి తేలుతుంది అని పెద్ద అక్షరాల్లో బోర్డు పెట్టించండి. మరాఠీ, హిందీ, ఇంగ్లీషుతో పాటు తెలుగులో కూడా రాయించండి, కావాలంటే తెలుగు నేనే రాసిస్తాను.

పెద్దమ్మ దసరా అయ్యాక మనవణ్ణి తీసుకుని మళ్లీ వస్తానంటోంది.

ఇట్లు,
వర్లీ నుంచి ఒక తెలుగువాడు